యాభై మాటల కట్ట

ఏప్రిల్ 24

నా చుట్టల డబ్బాకు వేసుకునే రబ్బరు బ్యాండు పోయింది. డబ్బా మూత పట్టు వదిలేసి రెండేళ్లయింది. బ్యాండు లేకపోతే జేబులో చుట్టలన్నీ పొడి పొడి. పొద్దున్నుంచి వెతుకుతున్నాను. మంచం కింద చూశాను, మేకల దొడ్లో చూశాను, చివరికి ముత్తక్క జడలో కూడా చూశాను.

"నా నెత్తిల ఏమున్నదని దేవులాడుతున్నవ్ ముసలోడా?" అని చెయ్యి విదిలించింది. నలభై నాలుగేళ్ల కాపురంలో తన జడను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదని ఎత్తిపొడుపు కూడా.

ఈ డైరీ విత్తనాల కొట్టు వాళ్లు ఊరికే ఇచ్చింది. 2005ది. ఇది 2007. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. వారం మీద గీత కొట్టి రాసుకుంటున్నాను. మూడో తరగతితో బడి మానేసిన వాడికి ఇది చాలు.

సాయంత్రం దొరికింది బ్యాండు. కోడలు శ్యామల దగ్గర ఉంది. మనవరాలి పాత నోటుబుక్కు కాయితాలు చింపి, బీడీలు చుట్టే తునికాకు పొడవున చీటీలు చేసి, వాటికి వేసింది. ఒక్కో చీటీ మీద ఒక ఇంగ్లీషు మాట. దాని కింద ఎట్లా పలకాలో తెలుగు అక్షరాల్లో. వెనక వైపు అర్థం.

"నా బ్యాండు కొట్టేసి దుకాణం పెట్టినవా?" అన్నాను.

"పరీక్ష అయ్యేదాక ఉండనియ్ మామా."

"ఎన్ని చీటీలు?"

"కట్టకు యాభై. ఎనిమిది కట్టలు చేస్త. తక్కినవి నారతోని కట్టుకుంట."

"యాభయ్యే ఎందుకే?"

"ఆకు కట్ట యాభయ్యే గదా. నా చేతికి యాభై తెలుస్తది. లెక్కబెట్టే పని లేదు."

అది నిజమే. ఈ పిల్ల మాట్లాడుతూనే ఆకులు పేరుస్తుంది. యాభై కాగానే చెయ్యి దానంతట అదే ఆగి నార చుడుతుంది. నలభై తొమ్మిది ఆకులు పెట్టి చేతికిస్తే కళ్లు మూసుకొని చెబుతుంది ఒకటి తక్కువని.

చుట్టల డబ్బాకు ప్రస్తుతం నార చుట్టాను. అసహ్యంగా ఉంది.

ఏప్రిల్ 25

సంగతి ఏమిటంటే మా గూడెం అంగన్‌వాడీ టీచరు పెళ్లి చేసుకొని మణుగూరు వెళ్లిపోయింది. పోస్టు ఖాళీ. పదో తరగతి పాసైన ఆడపిల్ల మా గూడెంలో లేదు. శ్యామలకు ఒక్క ఇంగ్లీషు మిగిలింది. సూపర్‌వైజర్ మేడం వచ్చి చెప్పింది: "జూన్ల పరీక్ష రాయమ్మా. జూలై దాక ఆపుత. పాస్ కాకపోతే వేరే ఊరి మనిషిని తెచ్చుకుంట, నన్ను అనొద్దు."

ముప్పై అయిదు మార్కులు రావాలి. పదకొండేళ్ల కింద ఇరవై రెండు వచ్చాయి. ఎట్లా తప్పావని ఇన్నాళ్లకు అడిగాను. మొదటి పేపరు ఇవ్వగానే మొదటి ప్రశ్నలో ఒక మాట తెలియలేదట. అక్కడే ఆగిందట. ఆ మాట దాటితే తప్పు చేసినట్టు అనిపించిందట. గంట కొట్టే దాకా ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చుందట. వచ్చిన మార్కులన్నీ రెండో పేపరువేనట.

"తక్కినవి వచ్చా?"

"వచ్చు మామా. బయటికొచ్చినంక అన్నీ యాదికొచ్చినయ్."

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. వెళ్లి మేకను తిట్టాను.

ఏప్రిల్ 27

తెల్లవారక ముందే అడవికి ఆకు కోయడానికి పోతుంది. పది గంటలకు వస్తుంది. మధ్యాహ్నం దాకా కట్టలు కడుతుంది. కట్టలు కట్టేటప్పుడు చీటీల కట్ట ఒళ్లో పెట్టుకుంటుంది. ఒక చెయ్యి ఆకు మీద, ఒక కన్ను చీటీ మీద, పెదాలు గొణుగుతూ. ఎండ ఇంటి కప్పు మీద కొలిమి పెట్టినట్టు ఉంది.

రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టమన్నాడట వెంకటేశ్వరరావు సారు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి ములకలపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. బడిలో ఇంగ్లీషు చెబుతాడు. మంచివాడే. కానీ ఆయన మాట్లాడితే మనం ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది.

సాయంత్రం నేను చీటీలు పట్టుకొని అడిగాను, శ్యామల చెప్పింది. ముప్పై దాకా బాగానే వచ్చింది. ముప్పై ఒకటో చీటీ "రిలక్టెంట్". రాలేదు. అంతే, తర్వాత వచ్చినవన్నీ పోయాయి. "బర్డ్" అంటే కూడా చెప్పలేదు. మనవరాలు సాహిత్య మూడో తరగతి. అది పక్కన కూర్చొని కిసుక్కుమంది. "అమ్మకు బర్డ్ రాదు!"

శ్యామల లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఏప్రిల్ 28

ఇవాళ గట్టిగా అడిగాను.

"నువ్వు ఈ ఇంటికొచ్చినప్పుడు నీకు కోయ వచ్చా?"

ఈ పిల్లది కారేపల్లి వైపు. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు. మా ఇంట్లో కోయ. వచ్చిన కొత్తలో అత్త అన్నం పెట్టమంటే పోయి మేకను విప్పింది.

"రాదు," అంది.

"ఎన్ని నెలలకు వచ్చింది?"

"ఆర్నెల్లకు అత్తతోని కొట్లాడేంత వచ్చింది."

"ఎన్ని చీటీలు రాసుకున్నవ్?"

నవ్వింది. నవ్వి, మళ్లీ ముఖం ముడుచుకుంది. "అది వేరు మామా. అప్పుడు తప్పు మాట్లాడితే మీరందరు నవ్విండ్రు, నేనూ నవ్విన. ఇప్పుడు తప్పు చెప్తే లోపల ఏదో గుండె జారినట్టయితది."

నేను తెలుగు మాట్లాడటం నేర్చింది ఆకు కొని ఆరబోసే కల్లంలో. లంబాడా మాట, హిందీ, కాస్త ఒరియా కూడా అక్కడే. ఒక్కటీ బట్టీ పట్టలేదు. ఎవడైనా తిడితే ఆ మాట ఊరికే వచ్చేసేది. ఈ ఇంగ్లీషు ఒక్కటే చీటీల మీద ఎక్కి కూర్చుంది. కిందికి దిగదు.

ఏప్రిల్ 29

కొడుకు నాగరాజు మణుగూరు నుంచి వచ్చాడు. బొగ్గు గనిలో కాంట్రాక్టు పని. వారానికోసారి వస్తాడు, బట్టలు నానబెట్టుకొని నిద్రపోతాడు. లేచి చీటీల కట్ట చూసి, "ఈ ఏబీసీడీలు ఇప్పుడేందే? రాకపోతే వదిలేయరాదు," అన్నాడు.

వాడు ప్రేమగానే అన్నాడు. అదే ఘోరం.

ఏప్రిల్ 30

మధ్యాహ్నం శ్యామల కట్టను విసిరికొట్టింది. "ఆంక్షియస్" దగ్గర. అంతకు ముందు "నెగ్లెక్ట్" దగ్గర, దాని ముందు ఆ పాడు "రిలక్టెంట్" దగ్గర. రబ్బరు బ్యాండు పోయి పందిరి గుంజకు తగిలింది. చీటీలు వాకిలంతా చెదిరాయి. ఆమె ఏడవలేదు. ఆకుల దగ్గరికి పోయి కూర్చొని, చిల్లులున్న ఆకులు తీసి పక్కన పడేస్తూ మంచివి పేర్చింది. చూస్తూ కూర్చున్నాను. చిల్లు ఆకు చేతికొస్తే ఆ చెయ్యి ఆగను కూడా ఆగదు. పక్కన పడేస్తుంది, తర్వాతి ఆకు.

మాటల దగ్గర మాత్రం ఒక్క చిల్లుకే చెయ్యి ఎందుకు ఆగుతుందో.

చీటీలు నేనే ఏరి కట్ట కట్టి పెట్టాను. అన్నీ ఏరాను. దాదాపు అన్నీ.

మే 3

ఇవాళ మొదటి కట్టలో ఒక్క మాట కూడా తప్పు పోలేదు! యాభైకి యాభై. శ్యామల రెండుసార్లు అడిగించుకుంది. ముత్తక్కను పిలిచి ఆమె ముందు ఇంకోసారి. ముత్తక్కకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా "మస్తు చెప్పింది నా కోడలు" అని రాత్రి కూర అందరికంటే దానికే ఎక్కువ వేసింది.

పనేమీ లేదు గదా అని మొన్నటి నుంచి నేను కూడా ఇంగ్లీషు అక్షరాలు దించుతున్నాను. సాహిత్య పెన్సిల్ అప్పు తీసుకున్నాను. అక్షరాలు తెలియవు, బొమ్మ గీసినట్టు గీస్తాను. చేతికి ఏదో ఒక పని కావాలి. అంతే.

మే 7

రెండో కట్ట, మూడో కట్ట కూడా అయ్యాయి. ఆకు కట్టలు కల్లానికి మోసుకుపోతూ దారంతా చెబుతూ నడిచింది. ఆకు కొనే కల్లేదారు రూప్‌సింగు కట్టలు వరసగా పేర్పించుకుంటున్నాడు. కట్ట విప్పడు, చేత్తో ఒక్కసారి నొక్కి చూస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఇట్లాంటి కల్లేదారుకే కట్ట మధ్యలో మోదుగాకులు పెట్టి ఇచ్చాను. నలభై ఏళ్లయినా తలచుకుంటే నవ్వొస్తుంది.

"ఏం కాకా, ముసిముసి నవ్వుతున్నవ్? కట్టల ఏమన్నా పెట్టినవా?" అన్నాడు రూప్‌సింగు.

"నీ పెళ్లిల పెట్టాల్సింది, మర్చిపోయిన," అన్నాను.

మే 9

"మామా, 'వాటర్' రెండుసార్లు రాసిన్నా నేను?" అని అడిగింది శ్యామల. "'బర్డ్' గూడ రెండున్నయ్."

"రాసే ఉంటవ్. ఎండలకు కండ్లు బైర్లు కమ్ముతయ్ గదా."

చీటీని కాసేపు చూసి మళ్లీ కట్టలో పెట్టింది.

మే 15

ఈ రోజు గురించి రాయాలని లేదు. రాస్తున్నాను.

వెంకటేశ్వరరావు సారు పరీక్ష పెడతానంటే నేను కూడా వెంట పోయాను. వరండాలో కూర్చోబెట్టాడు. శ్యామల ఉత్సాహంగా ఉంది. దారిలో నాతో, "సారు ఏ కట్టల నుంచన్నా అడగనియ్ మామా," అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇరవై మాటలు అడిగాడు. మొదటి ఆరు గబగబా చెప్పింది. ఏడోది "రిలక్టెంట్".

"అది... అది నా కట్టల లేదు సార్."

"లేకపోవడం ఏంటమ్మా? నేనిచ్చిన లిస్టులో మూడో లైనులో ఉంది. చూసి రాసుకోలేదా?"

లిస్టు తీసి చూపించాడు. ఉంది. ఆ మాట పక్కన శ్యామల పెన్నుతో పెట్టిన టిక్కు కూడా ఉంది, రాసుకున్నట్టు గుర్తు. ఆమె ఆ టిక్కు వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత పదమూడు మాటలు అడిగాడు సారు. ఒక్కదానికీ నోరు తెరవలేదు. అందులో "షివర్" ఉంది, "స్టబ్బర్న్" ఉంది. అందులోనే "మార్కెట్" కూడా ఉంది, "డాక్టర్" కూడా ఉంది. డాక్టర్ మా మేకకు కూడా తెలుసు.

"ఇలాగైతే కష్టమమ్మా. కాన్ఫిడెన్స్ ఉండాలి," అన్నాడు సారు. ఆ కాన్ఫిడెన్స్ ఏ కొట్లో దొరుకుతుందో చెబితే నేను పోయి తెచ్చేవాణ్ణి.

తిరిగి వస్తూ కిలోమీటరు నడిచాం. తర్వాత అంది. "రాసిన్నా లేదా నాకే యాదికి లేదు మామా. టిక్కు పెట్టిన. చీటీ లేదు. నా తలకాయకే చిల్లులు పడ్డయేమో."

"మేక తినుంటది," అన్నాను.

"ఏరుకొని రాని మాటలే తింటదా మేక?"

నేను చుట్ట ముట్టించుకున్నాను. అగ్గిపుల్ల మూడోసారికి గాని వెలగలేదు.

మే 16

శ్యామల కట్ట విప్పలేదు.

మే 17

విప్పలేదు. సారు మీద కోపం వచ్చింది. తర్వాత ఇంగ్లీషు వాళ్ల మీద. వాళ్లు మాటలు ఇన్నెందుకు పెట్టుకున్నారు? అయిదు భాషలతో నేను అరవై ఏడేళ్లు బతికాను. రిలక్టెంట్ అనే అవసరం ఒక్కనాడూ రాలేదు.

మే 18

తీయడం తేలిక. తిరిగి పెట్టడమే కష్టం. కట్టకు ఒకటి ఎక్కువైనా ఆ చేతికి తెలిసిపోతుంది. మార్చి పెడదామంటే, ఇన్నాళ్లు లేనిది ఇవాళ ఎట్లా వచ్చిందంటుంది. దీని గురించి ఇంతకంటే రాయను.

ముత్తక్క అడిగింది, "రెండు దినాల నుంచి బువ్వ సరిగ తింటలేవు, ఏంది?"

"పళ్ల నొప్పి."

"ఉన్నవి నాలుగు. అండ్ల ఏది?"

మే 19

ఒక ఆలోచన వచ్చింది. కల్లంలో నాకు మాటలు వచ్చింది తిట్ల వల్లే గదా.

పొద్దున్నే దొడ్లోకి పోయి, నల్ల మేక లేవనంటే గట్టిగా అరిచాను. "ఏయ్, స్టబ్బర్న్ మేకా! ఎంత మొండి దానివే! స్టబ్బర్న్!" ఊరంతా వినబడాలని అరిచాను. శ్యామల నీళ్ల బిందెతో వస్తూ ఆగి చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. మేక వైపే చూశాను. మేక మాత్రం నా వైపు చూసింది.

మధ్యాహ్నం ముత్తక్క రెండోసారి పులుసు పోయడానికి వెనకాడితే, "ఏందే, రిలక్టెంట్‌గ పోస్తున్నవ్? ఇష్టం లేకపోతే మానెయ్!" అన్నాను.

"ఏందో ఒకటి తిట్టిండు నన్ను!" అని గరిటె ఎత్తింది ముత్తక్క. "ఏం తిట్టిండే శ్యామలా?"

శ్యామల ముద్ద నోటి దగ్గర ఆపింది. "ఇష్టం లేకుండ పోస్తున్నవంటుండు అత్తా," అని మెల్లగా అంది.

చెప్పింది! నేనేమీ కనబడనీయలేదు. గరిటె దెబ్బ మాత్రం నిజంగానే తగిలింది.

మే 22

కల్లంలో కూడా మొదలుపెట్టాను. గాలి లేస్తే, "ఆకంత స్కాటర్ అయితుంది, చెల్లాచెదురైతుంది, చూడు రూప్‌సింగూ!" మబ్బు పడితే, "ఆంక్షియస్ కాకు రూప్‌సింగూ, ఆందోళన పడకు, వాన రాదు!"

రూప్‌సింగు నా నుదురు ముట్టి చూశాడు. "కాకా, ఎండదెబ్బ తగిలినట్టున్నది. జల్దీ నీడకు రా. దవాఖానకు పోదామా?"

శ్యామల ఆకు కట్టలు పేరుస్తూ వింటోంది. పెదాలు కదులుతున్నాయి. నేను చూశాను.

మే 24

చీటీల కట్ట మళ్లీ ఒళ్లోకి వచ్చింది. మేకకు గడ్డి వేసే సాకుతో వెళ్లి చూసొచ్చాను.

మే 27

వాన పడింది. ఆకు పని ఈ ఏటికి అయిపోయింది. రూప్‌సింగు గోతాలు లారీకి ఎక్కించి వెళ్లిపోయాడు. పోతూ పోతూ, "ఎండదెబ్బ తగ్గిందా కాకా?" అన్నాడు.

ఇక నా ఇంగ్లీషు వినడానికి మేక ఒక్కటే మిగిలింది. రోజుకు రెండు మాటలకంటే ఎక్కువ నాకే గుర్తుండటం లేదు. పొద్దున తలకెక్కింది మధ్యాహ్నానికి దిగిపోతుంది. ఈ పిల్ల నాలుగు వందలు ఎట్లా మోస్తోందో. నేనైతే ఎప్పుడో కట్ట పొయ్యిలో పెట్టేవాణ్ణి.

జూన్ 3

ఎవరో నా చుట్టల డబ్బా ముట్టారు. నార ముడి నేను వేసినట్టు లేదు. చుట్టలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

జూన్ 9

నాగరాజు వచ్చాడు. మేకను ఇంగ్లీషులో తిడుతుంటే విని, వాళ్లమ్మను పక్కకు తీసుకుపోయి అడిగాడు. "నాయనకు ఏమైంది?"

"ఏమైతది? ఎప్పుడు తిట్టే తిట్లే. భాష మార్చిండు," అంది ముత్తక్క.

జూన్ 14

కొత్తగూడెంలో పరీక్ష. ఇంగ్లీషు రెండు పేపర్లు, రెండు రోజులు. ఇవాళ మొదటిది. నాగరాజుకు డ్యూటీ. నేను వెంట పోయాను. మూడు గంటలు గేటు బయట నిలబడ్డాను. గేటు దగ్గర కానిస్టేబులుతో, "లోపల నా కోడలు కలెక్టరు పరీక్ష రాస్తున్నది," అన్నాను. "ఇది పదో తరగతి సెంటరు పెద్దాయనా," అన్నాడు. "మొదలు ఇదే గదా," అన్నాను.

గంటకే ఇద్దరు పిల్లలు బయటికొచ్చేశారు. గేటు ఊచలు పట్టుకొని లోపలికి చూశాను. ఆమె రాలేదు. చివరి గంట దాకా రాలేదు. అది రాస్తూ కూర్చోవడమా, ఒక్క మాటను చూస్తూ కూర్చోవడమా? గేటు బయటి నుంచి ఎట్లా తెలుస్తుంది? పదకొండేళ్ల కింద కూడా చివరి గంట దాకానే కూర్చుంది.

బయటికొచ్చి, "ఆకలైతుంది మామా," అంది. అంతే. బస్సులో నిద్రపోయింది. నేను అడగలేదు.

జూన్ 15

రెండో పేపరు. మళ్లీ చివరి గంట. కానీ ఇవాళ నడక వేరేగా ఉంది. వేళ్లకు సిరా.

బస్టాండులో ఇడ్లీ పెట్టించాను. తింటూ తనే చెప్పింది.

"నిన్న మొదటి పేజీలనే తెలవని మాట పడ్డది మామా. చెమట పట్టింది. పాత దినం యాదికొచ్చింది."

"మరి?"

"చిల్లు ఆకనుకున్న. పక్కన పడేసిన. తర్వాతి ఆకు పట్టుకున్న." సాంబారులో ఇడ్లీ ముక్క ముంచింది. "రెండు పేపర్లల్ల కలిపి పద్నాలుగు చిల్లు ఆకులు పడ్డయి. తక్కినయన్నీ కట్టిన. అడిషనల్ పేపర్ గూడ తీసుకున్న."

నేను తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాను. చట్నీ కారం అని చెప్పాను.

"ఇంకోటి మామా. ఇయ్యాల బిట్ల 'స్టబ్బర్న్' వచ్చింది. అర్థం ఏందని."

"రాసినవా?"

"మన నల్ల మేక మొఖం కండ్ల ముంగట నిలబడ్డది. ఎట్ల రాయను మరి?"

పెద్దగా నవ్వింది. పక్క టేబులు వాళ్లు చూశారు. పట్టించుకోలేదు.

జూన్ 30

రిజల్టు రాలేదు. అందరి మీదా చిరాకుగా ఉంది. ముత్తక్క నన్ను పొలం దగ్గరికి తోలింది.

జూలై 5

రాలేదు. సూపర్‌వైజర్ మేడం వేరే ఊరి మనిషి పేరు రాసుకుందని ఎవరో అన్నారు. ఎవరో అన్నది ఎవరో వింటే ఎవరో మాకు చెప్పారు. శ్యామల పొలంలో కలుపు తీస్తూనే ఉంది, తల ఎత్తలేదు.

జూలై 11

నలభై ఒకటి.

జూలై 12

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. చెయ్యి వణికింది. ఇంగ్లీషులో షివర్ అంటారు.

వెంకటేశ్వరరావు సారు మార్కుల కాయితం తనే తెచ్చాడు. "చెప్పానా లేదా, బట్టీ పడితే రాకుండా ఎక్కడికి పోతుందని!" అన్నాడు. పొయ్యేటప్పుడు ముత్తక్క ఆయన సంచిలో రెండు ఆనపకాయలు పెట్టింది. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనని రోజు ఇదొక్కటే అని ముత్తక్క ఊరంతా చెప్పింది.

ఇవాళ సాయంత్రం శ్యామల రబ్బరు బ్యాండు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ బ్యాండు మామా. ఇగ చుట్టలు పొడి కావు." అని డబ్బా వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది.

ఇప్పుడు రాస్తున్నాను. ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను.

ఆ రోజు వాకిలంతా చీటీలు చెదిరినప్పుడు, ఆమెను ఆపే మాటలు నాలుగు ఏరి జేబులో వేసుకున్నాను. చిల్లు ఆకులు తీసేస్తే కట్ట బాగుంటుంది గదా అనుకున్నాను. కట్టలో యాభైకి తగ్గితే ఆమె చేతికి తెలుస్తుందని వాటి బదులు ఆమెకు బాగా వచ్చిన మాటలే మళ్లీ చూసి గీసి పెట్టాను. వాటర్, బర్డ్, మదర్, స్కూల్. మూడు రోజులకు యాభైకి యాభై చెప్పి నవ్వితే, ఆ నవ్వు కోసం ఇంకో అయిదు తీశాను. తర్వాత రోజూ తీశాను. మొదట నాకు ఆట. సారు వరండాలో ఆమె ఆ టిక్కు వైపు చూసే దాకా ఆటే. ఆ రోజు ఆమె తలకాయలో చిల్లు పడలేదు. చిల్లు పెట్టింది నేను. మేక మీద నెట్టింది కూడా నేను.

తీసిన చీటీలు పొయ్యిలో వేయడానికి చెయ్యి రాలేదు. ఆమె కూర్చొని రాసిన మాటలు గదా. చుట్టల డబ్బా అడుగున, చుట్టల కింద పెట్టాను. రోజూ వాటిలోంచి చూసుకొనే మేకను తిట్టాను.

తీసినవి ముప్పై ఏడు. ప్రతిసారీ లెక్క పెట్టుకున్నాను. లెక్క తప్పే మనిషిని కాదు. ఒప్పుకునేటప్పుడు సంఖ్య సరిగ్గా ఉండాలని ఇప్పుడే డబ్బా బోర్లించి మళ్లీ లెక్క పెట్టాను.

ముప్పై ఎనిమిది ఉన్నాయి.

ఎక్కువ వచ్చిన చీటీ అట్టడుగున ఉంది. అదే పాత నోటుబుక్కు కాయితం, అదే కొలత, ఆమె రాత. నేను తీసిన మాట కాదు. ఇంగ్లీషు మాట కింద తెలుగు అక్షరాల్లో "థీఫ్" అని ఉంది. వెనక్కి తిప్పాను.

"దొంగ."

ఎప్పుడు పెట్టింది? నిన్ననా, జూన్‌లో నార ముడి మారిన రోజా? అంటే పరీక్షకు ముందే తెలుసా? వాటర్ రెండుసార్లున్న రోజే తెలుసా? నేను గీసిన ఇంగ్లీషు అక్షరాలు సగం కాళ్లు పైకి పెట్టి పడుకున్నట్టు ఉంటాయని సాహిత్య ఎప్పుడూ అంటుంది. తెలిసి కూడా, నా తిట్లు విననట్టు విని, మేక వైపు చూసి పెదాలు కదిపిందా?

అడగొచ్చు. పక్క గదిలోనే ఉంది. కానీ అడగాలంటే ముందు నేను ఒప్పుకోవాలి.